కొంగల టీముకు నేను పెట్టిన వీడ్కోలు కూడిక

మనిషి ఎన్ని రకాలుగా పరువు పోగొట్టుకోవచ్చో నాకు తెలియదు గానీ, మండే ఎండాకాలంలో వరంగల్‌లో కూర్చుని, కెనడాలో మంచు మీద ఆడే ఆట వల్ల పరువు పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. కావాలంటే ఊరంతా వెతికి చూడండి. అదీ ఎవరూ చూడని మూల కాదు. ఆదివారం ఆరాధనలో, పాస్టరు గారి పక్కన నిలబడి, మైకు పట్టుకుని మరీ పోగొట్టుకున్నాను. మీరు నవ్వుకోండి, తప్పులేదు. నాకు మాత్రం ఇది చెప్పిన ప్రతిసారీ చెవులు వేడెక్కుతాయి.

నా పేరు దయాకర్. మట్టెవాడలో ఫ్లెక్సీలు కొట్టే షాపు నాది. పుట్టినరోజైనా, పెళ్ళిరోజైనా, పదవి వచ్చినా, ప్రాణం పోయినా మా మిషన్ ఒకటే, రంగులే వేరు. మా అత్తగారిల్లు కాశిబుగ్గ. మా మామయ్య జోసెఫ్ కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కాశిబుగ్గలో ఆయన ఎక్కని స్తంభం లేదు. ఉద్యోగం దిగాక చర్చిలో సంఘపెద్ద అయ్యాడు. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి సలోమి నా భార్య. చిన్నమ్మాయి రూతు. అంటే నేను పెద్దల్లుణ్ణి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా రోగమంతా అక్కడే ఉంది.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక మధ్యాహ్నం భోజనం అత్తగారింట్లోనే. ఆరేళ్ళపాటు ఆ ఇంటికి అల్లుణ్ణి నేనొక్కణ్ణే. మామయ్య పక్క కుర్చీ నాది. కోడికూరలో లెగ్ పీసు నాది. మా అత్తమ్మ గిన్నె పట్టుకుని వస్తే గరిట తనంతట తానే లెగ్ పీసును వెతికి నా కంచంలో వేసేది. ఆ ఇంట్లో ఫ్యాను కొనాలన్నా, మేకను కొనాలన్నా, "దయాకర్‌ను అడుగుదాం" అనేవారు. నేను కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు ఆలోచించినట్టు నటించి సలహా ఇచ్చేవాణ్ణి. అంత సుఖంగా ఉన్న ప్రాణానికి రూతు పెళ్ళి వచ్చిపడింది.

పెళ్ళికొడుకు సునీల్. చెడ్డవాడైతే నాకు ఇన్ని కష్టాలు ఉండేవి కావు. వాడు ఎంత మంచివాడంటే, నన్ను మొదటి రోజు నుంచే "అన్నా" అన్నాడు, నా స్కూటరు తుడిచాడు, నా జోకులకు నవ్వాడు. అలాంటివాణ్ణి ద్వేషించడం ఎంత శ్రమో మీకేం తెలుసు! మడికొండ ఐటీ పార్కులో ఏదో చిన్న కంపెనీలో ఉద్యోగమన్నారు. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఆదివారం భోజనాల దగ్గర మామయ్య అడిగాడు.

"సునీలూ, ఆఫీసుల నువ్వేం పని జేస్తవ్ బిడ్డా?"

"ఐస్ హాకీ మ్యాచులు జూస్త మామయ్యా."

నాకు నవ్వొచ్చి పొలమారింది. సలోమి నెత్తి మీద తట్టింది.

"ఆట జూస్తే జీతమిస్తరా?" అన్నాను నీళ్ళు తాగి.

"ఊకె జూసుడు గాదన్నా. కెనడాల ఒక టీముంది. వాళ్ల ప్రతి మ్యాచు మాకు లైవ్ అస్తది. ఎవరు ఎన్నిసార్లు కొట్టిండు, ఎవరికి అందిచ్చిండు, ఎవరు ఎంతసేపు మంచు మీదున్నడు, అన్నీ సెకండ్లతోటి రాసి పంపాలె. మేం ఆరుగురం రాస్తం. అది జూసి వాళ్ల కోచు ప్లాను జేసుకుంటడు."

మామయ్య ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు. "అంటే కెనడా కోచు నువ్వు రాసింది జూసి ఆడిపిస్తాండా?"

"గంతే అనుకో మామయ్యా."

మామయ్య తన కుర్చీని సునీల్ వైపు జరుపుకున్నాడు. కొద్దిగానే. కానీ ఆ కాళ్ళు బండల మీద చేసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఒక్కటే ఊరట ఏమిటంటే, ఆ టీము ఉత్త చచ్చు టీము. చొక్కా మీద కొంగ బొమ్మ ఉంటుంది. మా అత్తమ్మ వాళ్ళకు "కొంగలోళ్లు" అని పేరు పెట్టింది. ఏళ్ళ తరబడి అట్టడుగునే ఉన్నారట. ఈ మాట సునీల్ దిగులుగా చెప్తుంటే నేను ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాను.

ఆ తరువాతి ఏడు రూతుకు నెల తప్పింది. సరిగ్గా అప్పుడే సునీల్ ఇంకో కబురు తెచ్చాడు.

"ఈ సీజన్‌తోని కాంట్రాక్టు అయిపోతది మామయ్యా. టీము కప్పు గెలిస్తే మా ఆఫీసు గీడనే ఉంటది. గెలువకపోతే మమ్ముల హైదరాబాదుకు పంపుతరట."

అత్తమ్మ గరిట కింద పెట్టేసింది. "నా బిడ్డ గిట్లున్నప్పుడు హైదరాబాదు పోవుడేంది? ఆడ దాన్ని ఎవ్వలు జూస్తరు?" అని కొంగు కళ్ళకద్దుకుంది. రూతు తల దించుకుంది. మామయ్య కిటికీలోంచి స్తంభం వైపు చూశాడు. ఆ ఇంట్లో ఆ క్షణాన సంతోషంగా ఉన్న మనిషిని నేనొక్కణ్ణే. నేనెంత నీచుణ్ణో మీరు తేల్చుకునేలోపు నా వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి. సునీల్ హైదరాబాదు పోతే మామయ్య పక్క కుర్చీ మళ్ళీ నాది. అందుకు నేను వేలు కూడా కదపనక్కర్లేదు. కొంగలు ఎప్పటిలాగే ఓడిపోతే చాలు. ఏళ్ళ తరబడి శ్రద్ధగా చేస్తున్న పనేగా అది!

కానీ ఆ ఏడు కొంగలకు ఏం పుట్టిందో, గెలవడం మొదలుపెట్టారు. మొదట్లో ఏదో పొరపాటున గెలిచారనుకున్నాను. తరువాత వరసగా గెలిచారు. దసరా అయ్యాక మొదలైన సీజన్ క్రిస్మస్ దాటింది, గుడ్ ఫ్రైడే దాటింది, వాళ్ళు గెలుస్తూనే ఉన్నారు. మామయ్య చర్చిలో ప్రార్థన మనవి పెట్టాడు. ఇక ప్రతి ఆదివారం జబ్బున్నవాళ్ళ కోసం, ఉద్యోగాలు లేనివాళ్ళ కోసం, ఆ వెంటనే కెనడా కొంగల కోసం ప్రార్థన. పాస్టరు గారికి ఐస్ హాకీ అంటే ఏమిటో తెలియదు. "ప్రభువా, ఆ మంచులో ఆడుకునే పిల్లలకు చలి తగలకుండా కాపాడు" అని చేసేవారు. సంఘమంతా "గెలిపించు తండ్రీ" అని మోకరిస్తే, నేనూ వాళ్ళతోపాటు మోకరించి, పెదాలు మాత్రమే కదుపుతూ, "తండ్రీ, జర ఆలోచించు" అనేవాణ్ణి.

ఇంట్లో అయితే కూరా అన్నం పక్కనపెట్టి ఐస్ హాకీయే. సునీల్ అప్పడం పెట్టి మంచు అనేవాడు, నిమ్మగింజ పెట్టి ఇదే ఆడే నల్ల రబ్బరు బిళ్ళ అనేవాడు. మామయ్య ఐదో తరగతి పిల్లవాడిలా నోరు తెరుచుకుని వినేవాడు.

"తప్పు జేసినోన్ని రెండు నిమిషాలు పక్కన డబ్బల కూసుండవెడ్తరు మామయ్యా."

"గసొంటి డబ్బ మన చర్చి కమిటీ మీటింగుల గూడ ఉండాలె!" అని మామయ్య పకపకా నవ్వాడు. ఇన్నేళ్ళలో నా ఏ జోకుకూ ఆయన అంతలా నవ్వలేదు.

నాకౌట్ మ్యాచులు మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఆటగాళ్ళెవరూ గడ్డం గీయరట, అదొక ఆనవాయితీ. సునీల్ కూడా గీయడం మానేశాడు. అత్తమ్మ మురిసిపోయింది. "ఎంత దీక్షనో జూడుండ్రి నా అల్లునికి!" అంది. నేనూ పట్టుదలకు పోయి వారం రోజులు గడ్డం పెంచాను. అత్తమ్మ నన్ను చూసి, "జొరమచ్చిందా కొడుకా? మొఖం పీక్కపోయింది, దవాఖానకు పో" అంది.

సెమీఫైనల్ గెలిచిన ఆదివారం జరిగింది అసలు ఘోరం. అత్తమ్మ గరిట నా దాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, నన్ను దాటుకుని వెళ్ళి సునీల్ కంచంలో లెగ్ పీసు వేసింది. నా కంచంలో మెడ పడింది. ఒక కోడికి రెండు కాళ్ళుంటాయి కదా అని మీరు అడగవచ్చు. రెండోది రూతుకు. కడుపుతో ఉంది కదా, అక్కడ మనం నోరెత్తలేం. ఆ మెడను కొరుకుతూ నేను నిశ్చయించుకున్నాను, వీడు హైదరాబాదు పోవాల్సిందే.

ఫైనల్ అంటే ఒక్క మ్యాచు కాదట. ఏడు మ్యాచుల్లో నాలుగు గెలవాలట. చెరి మూడు గెలిచారు. ఆఖరిది అవతలివాళ్ళ ఊళ్ళో, మనకు ఆదివారం పొద్దున. ముందురోజు శనివారం నేను షాపులో కూర్చుని ఒక ఫ్లెక్సీ కొట్టాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్పేస్తాను. దాని మీద "హైదరాబాదు బదిలీపై వెళ్ళుచున్న మా ప్రియ సోదరుడు సునీల్‌కు వీడ్కోలు కూడిక" అని రాసి, మధ్యలో సునీల్ ఫొటో పెట్టి, కింద "ఇట్లు, పెద్దల్లుడు దయాకర్" అని వేసుకున్నాను. "పెద్దల్లుడు" అన్న మాట మిగతా అక్షరాల కంటే పెద్దది. వీడ్కోలు డిజైను మా దగ్గర రెడీగా లేదు. తొందరలో సంతాపం డిజైను తీసి, దీపం బొమ్మ చెరిపి, అక్షరాలు మార్చాను. నల్ల అంచు మార్చడం మర్చిపోయాను. చుట్టి స్కూటరు డిక్కీలో పెట్టుకున్నాను.

"ఏందది?" అంది సలోమి ఆదివారం పొద్దున.

"షాపు సామాను."

"చర్చికి షాపు సామానెందుకయ్యా?"

"నీకన్నీ కావాలె!" అని స్కూటరు కిక్కు కొట్టాను.

మేం వెళ్ళేసరికి చర్చి ఆవరణలో షామియానా వేసి ఉంది. టీము గెలిస్తే సంఘమంతటికీ బిర్యానీ పెడతానని మామయ్య మొక్కుకున్నాడు. ఆయన విశ్వాసం ఎంతటిదంటే గెలవకముందే వంట మొదలుపెట్టించాడు. బిర్యానీ వండే ఖాదర్ మాస్టరు రెండు పెద్ద డేగిశాలు పొయ్యి మీదికెక్కించాడు. సునీల్ తెల్లారకముందే ఆఫీసుకు వెళ్ళాడు. మామయ్య గేటు దగ్గరే నిలబడి అందరికీ చెప్తున్నాడు.

"మందిరంల ఫోన్లు బంద్! సునీలే సొంతంగ అచ్చి చెప్తడు. అప్పటిదాంక ఎవ్వలు చూడద్దు."

అందరూ ఫోన్లు ఆపేశారు. నేను తప్ప. సునీలే పాపం నాకు మ్యాచు చూసే లింకు పంపాడు, "అన్నా, నువ్వు జూడు, నీ ప్రార్థన గూడ గావాలె" అని. ఆఖరి బెంచీలో కూర్చుని, బైబిల్ మధ్యలో ఫోను పెట్టి, సౌండు బంద్ చేసి, వెలుతురు పూర్తిగా తగ్గించి చూడడం మొదలుపెట్టాను. మ్యాచు సమంగా ఉండి ఎక్స్‌ట్రా టైముకు పోయింది. అందులోనూ తేలక ఇంకో ఎక్స్‌ట్రా టైముకు పోయింది. అక్కడ ఎవరు ఒక్క గోలు కొట్టినా ఆట అక్కడికక్కడే సమాప్తం.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. అప్పటిదాకా నేను చూసినవి మామయ్య టీవీలో కొంగల సొంత ఊరి మ్యాచులు మూడే. మూడింటిలోనూ కొంగలు ముదురు నీలం చొక్కాల్లో ఉన్నారు. కాబట్టి కొంగలంటే నీలం. ఇంతకన్నా తెలుసుకోవడానికి నేనేమైనా వాళ్ళ అభిమానినా? ఫోనులో బొమ్మలు చీమలంత ఉన్నాయి. చొక్కా మీద కొంగ ఉందో కోడి ఉందో ఎవడికి తెలుస్తుంది? స్కోరు చూపించే పట్టీ మీద నా బొటనవేలు ఉంది.

పాస్టరు గారు వాక్యం ముగిస్తుండగా తెల్లచొక్కావాడొకడు బిళ్ళను లోపలికి కొట్టాడు. అంతే, తెల్లవాళ్ళందరూ కర్రలు, గ్లౌజులు, టోపీలు గాల్లోకి విసిరేసి ఒకడి మీద ఒకడు కుప్పగా పడ్డారు. నీలంవాళ్ళు మంచు మీద మోకాళ్ళ మీద కూలబడ్డారు. కాసేపటికి ఇరు పక్షాలూ వరసగా నిలబడి, ఒకరొకరు చేతులు కలుపుతూ, భుజం తడుతూ, కళ్ళు తుడుచుకుంటూ నడిచారు. ఆ వరస చూస్తే నాకు అనుమానమే లేకుండా పోయింది. మన దగ్గర సమాధుల తోటలో మట్టి వేశాక పోయినవాళ్ళ ఇంటివాళ్ళకు అందరూ అచ్చం అలాగే వరసగా చేతులు కలిపి పోతారు. నీలం పోయింది. కొంగలు పోయారు. సునీల్ పోతున్నాడు. బైబిల్ మూసేసి కళ్ళు మూసుకున్నాను. జీవితంలో మొదటిసారి మనస్ఫూర్తిగా స్తోత్రం చెప్పాను.

అప్పుడే పాస్టరు గారు, "ఎవరైనా సాక్ష్యం చెప్పాలనుకుంటే ముందుకు రండి" అన్నారు. నేను లేచాను. నిజానికి నా కాళ్ళు లేచాయి, నేను వాటి వెంట వెళ్ళాను. మైకు అందుకున్నాను. లోపల్నుంచి పొంగుతున్న సంతోషాన్ని ఆపుకోవడానికి పెదాలు బిగిస్తే, చూసేవాళ్ళకు ఏడుపు ఆపుకుంటున్నట్టు కనిపించిందట.

"ప్రియమైన సంఘమా," అన్నాను. "మీకొక దుఃఖవార్త. మన సునీల్ టీము... ఓడిపోయింది."

మందిరమంతా "అయ్యో!" అంది. ముందు బెంచీలో మా అత్తమ్మ రూతును పట్టుకుని బావురుమంది. వెనక నుంచి మరియమ్మ అనే ముసలావిడ, "ఆ పిలగాండ్లకు చలి తగిలిందా బిడ్డా?" అని అడిగింది. మామయ్య మాత్రం లేచి నిలబడ్డాడు.

"నీకెట్ల తెల్సు దయాకర్?"

"దేవుడు నన్ను క్షమించాలె మామయ్యా. ఆత్రం పట్టలేక ఫోన్ల జూసిన. నా కండ్లతోటి జూసిన. వాళ్లు మోకాళ్ల మీద పడి ఏడ్తాండ్రు మామయ్యా, చూడలేకపోయిన!"

చివరి మాటకు నాకు నిజంగానే ఒక కన్నీటి చుక్క వచ్చింది. సంతోషానిదే అనుకోండి. పాస్టరు గారు నా భుజం మీద చెయ్యేసి, "తోడల్లుడి బాధకు ఇంతగా కన్నీరు కార్చే మనిషిని నేను ఎక్కడా చూడలేదు" అన్నారు. మైకులోనే అన్నారు. ఆ పొగడ్త నా నెత్తికెక్కింది.

ఆరాధన ముగిసి బయటికి వస్తే ఖాదర్ మాస్టరు ఎదురొచ్చాడు. "పెద్దాయనా, దమ్ అయిపోయింది. వడ్డిద్దామా?"

మామయ్య మొహం చేదు తిన్నట్టు పెట్టాడు. "దేనికని వడ్డియ్యాలె ఖాదర్? గెలువకపాయె."

"అన్నానికి గెలుపోటములు తెల్వవ్ గదా సాబ్. సల్లారిపోతది."

నాకు అదే అదను అనిపించింది. ముందుకు దూకాను. "మామయ్యా, దీన్నే సునీల్‌కు వీడ్కోలు కూడిక జేద్దాం. ఎట్లయిన హైదరాబాదు పోవుడే గదా. అందరున్నరు, అన్నమున్నది. ఫ్లెక్సీ గూడ ఉన్నది!"

మామయ్య సరేనన్నట్టు చెయ్యి ఊపాడు. పాపం, ఆ బాధలో ఫ్లెక్సీ ఎక్కణ్ణుంచి వచ్చిందని కూడా ఆయనకు తోచలేదు. నేను డిక్కీలోంచి తీసి, షామియానా ముందు గుంజలకు కట్టేశాను. అక్కడితో ఆగానా? ఆగితే ఈ కథ మీకెందుకు చెప్తాను? "సునీల్ అచ్చినంక ఎవ్వరేం అడుగద్దు, ఊకె చెయ్యి కలిపి ధైర్యం జెప్పుండ్రి, వాళ్ల దేశంల గిట్లనే జేస్తరు" అని సంఘాన్నంతా గేటు నుంచి షామియానా దాకా వరసగా నిలబెట్టాను. ఆ వరసకు నేనే పెద్దను.

పావుగంటకు సునీల్ బండి వచ్చి ఆగింది. మాసిన గడ్డం, నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు, చేతిలో మిఠాయి డబ్బా. అరిచి అరిచి గొంతు పోయినట్టుంది, నవ్వుతూ ఏదో అనబోతే గాలి తప్ప మాట రాలేదు. మరియమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"ధైర్యంగుండు బిడ్డా. అంత దేవుని చిత్తం."

సునీల్ నవ్వు ఆగిపోయింది. రెండో ఆయన చేయి కలిపి భుజం తట్టాడు. మూడో ఆవిడ ఏడ్చేసింది. నాలుగో ఆయన, "అందరం ఒకనాడు పోయేటోళ్లమే" అన్నాడు. సునీల్ మొహం తెల్లబడింది.

"ఎవ్వరు?" అన్నాడు బొంగురుగా. "మామయ్యనా?"

పక్కనే ఉన్న మామయ్య వచ్చి చెయ్యి కలిపాడు. "మనసు గట్టి జేస్కో సునీలూ."

"అత్తమ్మనా?"

అత్తమ్మ వచ్చి వాణ్ణి కావలించుకుని, "నా కొడుకా!" అని ఏడ్చింది. వాడు ఆమె భుజం మీదుగా రూతు కోసం చూశాడు. రూతు కూడా అక్కడే నిలబడి ముక్కు చీదుతోంది. అప్పుడు వాడి చూపు షామియానా మీదికి పోయింది. నల్ల అంచు. మధ్యలో తన ఫొటో. కళ్ళు తుడుచుకుంటున్న జనం.

"నేనా?" అని గుండె మీద చెయ్యేసుకుని కింద కూలబడ్డాడు.

నీళ్ళు తాగించారు. తల తడిపారు. నేను పక్కన గొంతుకూర్చుని, వీలైనంత దుఃఖంగా, "ఫికర్ జెయ్యకు తమ్మీ, ఓటమి గెలుపులు ఉంటయ్. హైదరాబాదు మంచి ఊరే" అన్నాను.

వాడు నా వైపు అయోమయంగా చూశాడు. "హైదరాబాదెందుకన్నా?"

"టీము ఓడిపాయె గదా."

"ఎవ్వలు జెప్పిండ్రు? మేం గెల్చినం!"

నేను మాత్రం పట్టు వదల్లేదు. ఎంత మూర్ఖుణ్ణి చూడండి, గెలిచినవాడితోనే ఓడిపోయావని వాదన పెట్టుకున్నాను.

"మ్యాచు అయిపోయేదాంక నేను జూసిన తమ్మీ! నీలపోళ్లు మోకాళ్ల మీద ఏడ్తాండ్రు!"

"అన్నా, నీలపోళ్లు మేం గాదు! వేరే ఊరికి ఆడనీకి పోతే మనం తెల్ల చొక్కలేసుకుంటం. నీలం వాళ్లది!"

"మరి వరస గట్టి చేతులు కలిపిండ్రు గదా, మట్టికి పోయినట్టు?"

"సిరీస్ అయిపోతే రెండు టీములు గట్లనే కలుపుకుంటయన్నా. అది మర్యాద!"

ఆ తరువాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. ఎవరో "హల్లెలూయా" అని అరిచారు. అత్తమ్మ ఏడుస్తూనే నవ్వింది. రూతు పొట్ట పట్టుకుని గబగబా వచ్చి సునీల్‌ను పట్టుకుంది. "ఇగ యాడికి పోం రూతూ, ఆఫీసు మూడేండ్లు గీడనేనట" అని వాడు ఆ పోయిన గొంతుతో చెప్తుంటే, చుట్టూ ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. నేను మెల్లగా వెనక్కి వెనక్కి జరుగుతూ ఫ్లెక్సీ దాకా వచ్చి, తాడు విప్పబోయాను. అక్కడ మామయ్య నిలబడి ఉన్నాడు. ఫ్లెక్సీని పై నుంచి కింది దాకా చదువుతున్నాడు.

"దయాకర్."

"మామయ్యా."

"మ్యాచు గిప్పుడే అయిపాయె."

"అవును మామయ్యా."

"మనం ఫోన్లు బంద్ జేసుకొని మందిరంల కూసున్నం."

"అవును మామయ్యా."

"మరి గీ ఫ్లెక్సీ ఎప్పుడు కొట్టినవ్?"

వేల ఫ్లెక్సీలు కట్టి విప్పినవాణ్ణి, ఆ తాడు ముడి రానట్టు దానితో పెనుగులాడాను. నా తరఫున సలోమి చెప్పింది. కట్టుకున్న భార్య!

"నిన్ననే నాయనా. షాపు సామానన్నడు."

మామయ్య నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. షామియానా మూల నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, డేగిశాల పక్కన, సరిగ్గా పొగ తగిలే చోట వేశాడు. "కూసో," అన్నాడు. "ఆటల రెండు నిమిషాలట. నీకు మాత్రం అందరు తినేదాంక." నూట యాభై మంది తిన్నారు. ఒక్కొక్కరూ పళ్ళెం పట్టుకుని నా ముందు నుంచే పోయారు. నవ్వాపుకుంటూ కొందరు, ఆపుకోకుండా కొందరు. పాస్టరు గారు మాత్రం ఆగి, నన్ను కాసేపు చూసి, "నేను మైకులో అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు.

చివరికి నాకు పళ్ళెం తెచ్చిందెవరనుకున్నారు? సునీల్. "అన్న తెల్వక జేసిండు మామయ్యా, పోనియ్యుండ్రి" అని తనే వడ్డించి, పక్కన కూర్చుని, "ఫొటో మాత్రం మంచిగచ్చిందన్నా, ఇంట్ల పెట్టుకుంట" అన్నాడు. లెగ్ పీసు కూడా వేశాడు. ఉద్యోగంలో నన్ను దాటాడు, మామయ్య దగ్గర దాటాడు, ఆఖరికి మంచితనంలో కూడా దాటేశాడు. ఇక మనిషి దేన్ని పట్టుకుని అసూయపడాలి చెప్పండి?

తరువాతి సీజన్ నుంచి నేను ఒక్క మ్యాచు వదల్లేదు. మొదట సునీల్ రాసే దాంట్లో తప్పులు పట్టాలని చూడడం మొదలుపెట్టాను. తప్పులు దొరకలేదు గానీ నాకే ఆ పిచ్చి పట్టుకుంది. ఎవరు ఎప్పుడు ఏ రంగు వేస్తారో ఇప్పుడు నిద్రలో అడిగినా చెప్తాను. పొద్దున్నే లేచి, పళ్ళు తోముకోకుండా కొంగల కోసం అరిచేవాణ్ణి. నా కుళ్ళంతా మెల్లగా సునీల్ మీది నుంచి అవతలి టీముల మీదికి మళ్ళింది. అక్కడ దానికి బోలెడు చోటు దొరికింది.

మొన్న ఈ సీజన్‌లో, నాకౌట్ రెండో రౌండులోనే కొంగలు ఓడిపోయారు. అదీ ఆదివారం పొద్దునే. ఈసారి సౌండు పెట్టుకుని, వెలుతురు పెంచి, బొటనవేలు తీసేసి, ఇంట్లో కూర్చుని కళ్ళారా చూశాను. ఓటమి ఖాయమని మూడుసార్లు నిర్ధారించుకున్నాక చర్చికి వెళ్ళాను. సాక్ష్యాల సమయంలో లేచి మైకు అందుకున్నాను. "ప్రియమైన సంఘమా, మన టీము..." అన్నానో లేదో మైకులోనే వెక్కాను. ఈసారి ఏడుపు నిజంది. ముక్కు వెంట నీళ్ళు కారేంత నిజంది. "ఓడిపోయింది" అన్నాను.

మందిరమంతా నా మొహంలోకి చూసింది. ఆ వెంటనే మరియమ్మ చప్పట్లు కొట్టింది.

"గెల్చినట్టే బిడ్డా! దయాకర్ ఏడ్తాండంటే గెల్చినట్టే!"

"కాదమ్మా, ఈపారి నిజంగ..."

"స్తోత్రం!" అని అందరూ లేచారు. డోలక్ మోగింది. కృతజ్ఞత పాట అందుకున్నారు. మామయ్య ఫోను తీసి ఖాదర్ మాస్టరుకు బిర్యానీ చెప్పేశాడు. నేను మైకులో "నమ్ముండ్రి, కాళ్లు మొక్కుత" అని ఏడుస్తున్నకొద్దీ వాళ్ళు ఇంకా గట్టిగా పాడారు. కాసేపటికి సునీల్ గేటు దాటి వచ్చాడు, మొహం వేలాడేసుకుని. వాడు నోరు తెరిచేలోపు అత్తమ్మ లడ్డూ కుక్కింది. నలుగురు భుజాల మీదికెత్తుకున్నారు. ఆ ఎత్తు మీంచి, నోటినిండా లడ్డూతో, వాడు నా వైపు చూశాడు.

"నువ్వు జెప్పలేదా అన్నా?"

"జెప్పిన తమ్మీ. నమ్మలేదు."

వాడూ ఏడ్చాడు. ఆనంద బాష్పాలని అందరూ మురిసిపోయారు.

అందుకే పెద్దలారా, పిన్నలారా, ఫ్లెక్సీ కస్టమర్లారా, ఈ దయాకర్ సంఘమంతటి ఎదుటా ఘనంగా ప్రమాణం చేస్తున్నాడు. ఇక ఈ జన్మలో ఎవరి ఓటమినీ వాళ్ళకంటే ముందు నేను ప్రకటించను. కొంగలు గెలిస్తే సునీలే చెప్పుకుంటాడు. ఓడిపోతే ఎవరికీ చెప్పం, ఇద్దరం షాపు వెనక గదిలో కూర్చుని ఏడుస్తాం. అక్కడ కూడా నాకంటే వాడే బాగా ఏడుస్తాడు. అదొక్కటే నా బాధ.